గులాబీ వాంబాట్, అయిదుగురు కుర్రాళ్ళు, బోలెడన్ని రిబ్బన్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

మంత్రశక్తి దక్కిన అమ్మాయిల కథలు చెప్పే జపనీస్ యానిమేషన్ సీరీస్‌లను, అంటే మ్యాజికల్ గర్ల్ అనిమేలను, ఆట పట్టించే కామెడీల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒక్క సీరీస్ చుట్టూనే తిరిగాయి. అది 'క్యూట్ హై ఎర్త్ డిఫెన్స్ క్లబ్ లవ్!'. జపనీస్ పేరు 'బినాన్ కోకో చిక్యూ బోఏయ్-బు లవ్!'. అందుకే ఈసారి శీర్షికను దానికే కేటాయించాం. చూడనివారి కోసం కథ రెండు ముక్కల్లో: బినాన్ హైస్కూల్లో ఏ పనీ లేని ఓ క్లబ్బు, అందులో అయిదుగురు కుర్రాళ్ళు. స్నానశాలలో తొట్టి దగ్గర ప్రత్యక్షమైన ఓ గులాబీ రంగు వాంబాట్ (ఎలుగుపిల్లలాంటి ఆస్ట్రేలియా జంతువు) వీళ్ళ చేతికి కంకణాలు తొడిగి, ప్రేమతో ప్రపంచాన్ని కాపాడే బాధ్యత అప్పగిస్తుంది. సాధారణంగా పద్నాలుగేళ్ళ అమ్మాయికి దక్కే ఉద్యోగం, బద్ధకం మూర్తీభవించిన ఈ అబ్బాయిల నెత్తిన పడుతుంది.

ప్రశ్న: ఈ సీరీస్‌లో చాలా భాగాలున్నట్టున్నాయి. ఏది ముందు, ఏది తర్వాత చూడాలి?
*డిగ్రీ విద్యార్థి, వరంగల్*

విడుదలైన వరసలోనే చూడండి. మొదటి భాగం 'లవ్!' 2015 జనవరిలో మొదలైంది, 12 ఎపిసోడ్లు. డియోమెడియా స్టూడియో తీసింది. రెండో భాగం 'లవ్! లవ్!' 2016 జులైలో స్టూడియో కామెట్ నుంచి వచ్చింది. దానికి కొనసాగింపుగా 2017లో ఒక ప్రత్యేక ఎపిసోడ్ ఉంది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన 'హ్యాపీ కిస్!'లో హీరోలు వేరు, కథా వేరు. పాతవి చూడకపోయినా అర్థమవుతుంది. మొదటి బృందంతో మళ్ళీ 2025లో ఒక సినిమా వచ్చింది. దాన్ని మాత్రం మొదటి రెండు భాగాలూ అయ్యాకే ముట్టుకోండి.

సమయం తక్కువైతే మొదటి భాగం ఒక్కటి చూసినా నిండుగానే ఉంటుంది. కానీ దాన్ని సగంలో ఆపొద్దు. చివరి ఎపిసోడ్లలో, అప్పటిదాకా వారం వారం జరిగిన తతంగమంతా అసలెందుకు జరిగిందో బయటపడుతుంది. ఆ గుట్టు ఇక్కడ విప్పం. నెట్‌లో వెతుక్కుని ముందే తెలుసుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాం.

వెతికేటప్పుడు ఇంగ్లిష్ పేరుతో దొరక్కపోతే జపనీస్ పేరుతోనూ వెతకండి. కొన్ని వేదికలు దీన్ని ఆ పేరుకిందే పెడతాయి.

ప్రశ్న: స్నేహితులు పడీ పడీ నవ్వుతున్నారు, నాకు నవ్వు రావడం లేదు. మ్యాజికల్ గర్ల్ అనిమేలు నేనెప్పుడూ చూడలేదు. అదే కారణమా?
*సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, బెంగళూరు*

చాలావరకు అదే. పేరడీ అంటే మూలాన్ని తెలిసినవాళ్ళతో ఆడే ఆట. శశిరేఖ ఎవరో తెలియకపోతే, ఆమె వేషంలో ఉన్న ఘటోత్కచుడి నడక ఎందుకు నవ్విస్తుందో అంతుపట్టదు కదా! అలాగని వందల ఎపిసోడ్లు చూడనక్కర్లేదు. ఒక సాయంత్రం చాలు.

మొదట 'సైలర్ మూన్' 1992 సీరీస్ తొలి ఎపిసోడ్. అవసరమైన దినుసులన్నీ దాదాపు అందులోనే ఉన్నాయి. చదువులో వెనకబడిన, ఏడుపుగొట్టు పద్నాలుగేళ్ళ ఉసాగి. మాట్లాడే నల్లపిల్లి లూనా. ఆ పిల్లి ఇచ్చే బ్రోచ్. పైకి అరవాల్సిన మంత్రవాక్యం. స్నేహితురాలి తల్లి వేషంలో నగల దుకాణంలో తిష్ఠవేసిన రాక్షసి. ఒక పక్క ఏడుస్తూనే గెలిచే పోరాటం. వీటిని కాగితం మీద రాసుకుని, తర్వాత ఎర్త్ డిఫెన్స్ క్లబ్ మొదటి ఎపిసోడ్ పెట్టండి. ఏది ఎక్కడ తలకిందులైందో ఇట్టే పట్టేస్తారు. పిల్లి బదులు వాంబాట్. అది స్కూల్లో తిరగడానికి, బతికున్నాడో పోయాడో తేలని తవరయామా మాస్టారిని తోలుబొమ్మలా ఆడిస్తుంది. ఇక రాక్షసుడు 'చికువాబు' ఆకారంలో వస్తాడు. చికువాబు అంటే గోధుమపిండితో చేసి, ఓదెన్ అనే పులుసులో ఉడికించే గొట్టంలాంటి ముద్ద. లోకాన్ని కబళించే దుష్టశక్తి అలా ఉండటమే తొలి దెబ్బ.

రెండోది 'కార్డ్‌క్యాప్టర్ సకురా' (1998) ఏదైనా ఒక ఎపిసోడ్. ఇందులో ఒక విశేషం చాలామంది గమనించరు. సకురాకు దుస్తులు మంత్రంతో మారవు. స్నేహితురాలు తొమోయో వారానికో కొత్త డ్రస్సు కుట్టి తొడుగుతుంది, పైగా వీడియో కూడా తీస్తుంది. రూపాంతరం లేకుండా కూడా ఈ జాతి కథ నిలబడుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడోది 'ప్రెట్టీ క్యూర్' 2004 నాటి మొదటి సీరీస్ తొలి ఎపిసోడ్. దాని దర్శకుడు దైసుకె నిషియో అంతకుముందు కొట్లాటలకు పేరుపడ్డ 'డ్రాగన్ బాల్ జి'కి పనిచేసినవాడు. గౌన్లు వేసుకున్న అమ్మాయిలు పిడికిళ్ళతో గోడలు పగలగొట్టేంత కొట్లాట ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ అర్థమవుతుంది.

ప్రశ్న: ఆడపిల్లల కథను మగపిల్లలకు అంటగట్టి నవ్వించడం చవకబారు ఎత్తుగడ కాదా?
*ఉపాధ్యాయుడు, ఏలూరు*

వేషం ఒక్కటే నవ్వించే సరుకైతే మీ మాట నిజమయ్యేది. ఇక్కడ అంతకన్నా తెలివైన పని జరిగింది. దానికి కొంచెం చరిత్ర కావాలి.

ఈ జాతికి ఆది 1966లో తోఏయ్ సంస్థ తీసిన 'సాలీ'. మిత్సుతెరు యోకోయామా సృష్టి. ఆమె మంత్రలోకపు పిల్ల, మనుషుల్లో వచ్చి ఉంటుంది. యుద్ధాల్లేవు. 1969లో అక్కో-చాన్ చేతికి అద్దం వచ్చింది. మంత్రవస్తువు అనే ఆచారం అక్కడ పాతుకుంది. 1983లో 'క్రీమీ మామి' చిన్నపిల్లను గాయని చేసింది. ఇంతవరకూ ఒంటరి అమ్మాయిల కథలే. మరోపక్క 1975 నుంచి జపాన్ టీవీలో 'గోరెంజర్'తో మొదలైన సెంతాయ్ సీరీస్‌లు ఉన్నాయి. అయిదుగురు వీరులు, అయిదు రంగులు, వారానికో రాక్షసుడు. అవి ప్రధానంగా మగపిల్లల కోసం తీసినవి. రచయిత్రి నవోకో తకెఉచి తన 'సైలర్ మూన్'లో ఈ రెండింటినీ కలిపేసింది. అయిదుగురు అమ్మాయిలు, ఒక్కొక్కరికి ఒక రంగు, ఒక శక్తి.

అంటే బృందం, రంగులు ఒకప్పుడు మగపిల్లల కథల నుంచి అమ్మాయిల కథల్లోకి వెళ్ళినవే. ఎర్త్ డిఫెన్స్ క్లబ్ వాటిని రిబ్బన్లు, తళుకులు, కన్నీళ్ళతో సహా అబ్బాయిలకు తిరిగి అప్పజెప్పింది. ఎర్ర యుమోతో, నీలం ఎన్, ఆకుపచ్చ అత్సుషి, పసుపు ఇఓ, గులాబీ ర్యూ. గులాబీ రంగు వచ్చినందుకు ఎవరినీ ఎగతాళి చేయదు. అబ్బాయిలు సిగ్గుపడేది తమ నోటితో తామే పలుకుతున్న మహా ప్రేమ డైలాగులకు.

రచనలో కూడా తెలిసిన చెయ్యి ఉంది. కథా కూర్పు మిచికో యోకోతెది. 2002లో వచ్చిన 'ప్రిన్సెస్ తుతు' అనే చక్కటి మ్యాజికల్ గర్ల్ కథకూ ఆ పని చేసింది ఆమే. దర్శకుడు షింజీ తకమత్సు 'స్కూల్ రంబుల్', 'గింతామా' లాంటి కామెడీల్లో ఆరితేరినవాడు. ఒకరికి నియమాలన్నీ కంఠతా వచ్చు, ఇంకొకరికి వాటిని ఎప్పుడు తప్పాలో తెలుసు. ఈ కలయిక లేని పేరడీలు అయిదో ఎపిసోడ్‌కే నీరసపడతాయి.

ప్రశ్న: పాత్రల ఇంటిపేర్ల వెనక ఏదో మతలబు ఉందంటారు. ఏమిటది?
*ఇంటర్ విద్యార్థిని, నెల్లూరు*

అన్నీ వేడినీటి బుగ్గల ఊళ్ళే. హకొనే, యుఫుయిన్, కినుగవా, నరుకో, జావో: ఇవి హీరోల ఇంటిపేర్లు. ప్రత్యర్థులైన విద్యార్థి సంఘం ముగ్గురివి కుసత్సు, అరిమా, గెరో. జపాన్‌లో మూడు మేటి బుగ్గలుగా వీటికి పేరు. రెండో భాగంలో వచ్చే కవల సోదరులు బెప్పు. కథలో స్నానశాల ప్రతివారం వస్తుంది కాబట్టి ఈ పేర్లు అతికినట్టు సరిపోయాయి.

ప్రశ్న: రూపాంతరం సీను ప్రతి ఎపిసోడ్‌లో అదే మళ్ళీ మళ్ళీ వేస్తారెందుకు? డబ్బు మిగుల్చుకోవడానికేనా?
*మెకానికల్ ఇంజినీర్, విజయవాడ*

డబ్బు, సమయం రెండూ. దీన్ని 'బ్యాంక్' అంటారు. ఒకసారి ఖరీదుగా గీసి దాచుకుని, ప్రతివారం వాడుకునే దృశ్యం. లెక్క చూడండి. సెకనుకు 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720. ఒక మామూలు సంభాషణ సీనుకు ఇంత పని పెట్టరు. కానీ ఈ 720 బొమ్మలు పదకొండు ఎపిసోడ్లలో వాడితే ఎపిసోడ్‌కు 65 బొమ్మల ఖర్చే పడుతుంది, పైగా ప్రతివారం ఒక నిమిషం కొత్తగా గీసే పని తప్పుతుంది.

మరో కారణం బొమ్మల దుకాణం. బ్రోచ్, దండం, అద్దం లాంటివి ఆటవస్తువులుగా అమ్ముడుపోవాలంటే ప్రతివారం పిల్లల కళ్ళకు దగ్గరగా, మెరుస్తూ కనపడాలి. అందుకే ఆ వస్తువు మీద కెమెరా అంతసేపు నిలుస్తుంది. పెద్దవాళ్ళ కోసం తీసే పేరడీ కూడా ఆ దగ్గరి షాట్లను అలాగే ఉంచి, అమ్మడానికి ఏమీ లేని చోట ఆ ఆర్భాటాన్ని నవ్వుకు వాడుకుంటుంది.

ప్రశ్న: ముగ్గురం కలిసి కాలేజీ ఉత్సవానికి మ్యాజికల్ గర్ల్ పేరడీ లఘు యానిమేషన్ తీయాలనుకుంటున్నాం. నిడివి 90 సెకన్లు. ఎలా మొదలుపెట్టాలి? పోయినేడు మా సీనియర్లు తీసినదానికి ఎవరూ నవ్వలేదు.
*ఫైన్ ఆర్ట్స్ విద్యార్థులు, హైదరాబాద్*

ఈ ప్రశ్నకు వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పులు ఎప్పుడూ ఒకే చోట్ల జరుగుతాయి.

మొట్టమొదటిది: రూపాంతరాన్ని వెకిలిగా గీయకండి. 'పేరడీయే కదా' అని మొదటి బొమ్మ నుంచే వంకర ముఖాలు, పిచ్చి గీతలు పెడితే, చూసేవాడికి అది చేతకాని బొమ్మలా కనబడుతుంది. మీకు చేతనైనంత అందంగా, నిజంగానే ముచ్చటపడేలా గీయండి. ప్రేక్షకుడు 'అబ్బ, బాగుందే' అనుకున్న మరుక్షణం పడాలి దెబ్బ. ఎర్త్ డిఫెన్స్ క్లబ్‌లో అబ్బాయిల రూపాంతరం నిజమైన మ్యాజికల్ గర్ల్ సీరీస్‌కు ఏమాత్రం తగ్గని సోకుతో ఉంటుంది. అది అయిపోయాక వాళ్ళ ముఖాల్లో కనిపించే మొహమాటమే జోకు.

రెండోది: ఒకే రూపాంతరాన్ని మూడుసార్లు వాడండి. మొదటిసారి పూర్తిగా 30 సెకన్లు, రెండోసారి 8 సెకన్లు, మూడోసారి ఒక్క సెకను. మిగిలిన 51 సెకన్లు కథకు, రాక్షసుడికి. మొదటిసారి ఆచారం నేర్పుతారు. రెండోసారి అది మధ్యలో తెగుతుంది: ఫోన్ మోగుతుంది, లేదా ఎదురుచూసి విసిగిన రాక్షసుడు అడ్డొస్తాడు. మూడోసారి ఒక మెరుపు మెరిసి నేరుగా ఆఖరి భంగిమ. ఈ కుదింపే నవ్విస్తుంది, మీ పనీ తగ్గిస్తుంది.

30 సెకన్లను ఇలా పంచుకోండి. వస్తువు దగ్గరి షాట్ 3 సెకన్లు. మంత్రవాక్యం, గిరికీ 5. చేతులకు తొడుగులు 4. కాళ్ళకు బూట్లు 4. జుట్టు, ముఖం 5. ఆఖరి భంగిమ 9. భంగిమకు తొమ్మిది ఎక్కువనిపించినా తగ్గించొద్దు, అందులో పేరు చెప్పుకోవడం కూడా ఉంది.

ఇక బొమ్మల లెక్క. దగ్గరి షాట్‌కు ఒక మంచి పెయింటింగ్, తళుకు కోసం మళ్ళీ మళ్ళీ తిరిగే 6 బొమ్మలు. గిరికీకి 16 బొమ్మలు. మూడేసి ఫ్రేములు నిలిపితే ఒక చుట్టు 48 ఫ్రేములు, అంటే 2 సెకన్లు. రెండు చుట్లు తిప్పి ఆఖరి సెకను నిలపండి. చేతులకు 12, కాళ్ళకు 12, రెండేసి ఫ్రేములతో. అసలు కదలిక ఒక్క సెకనే, మిగతా మూడూ కెమెరా జరుపుడుతో నడిపించండి. జుట్టుకు 10, భంగిమకు 10. రిబ్బన్‌ను వేరే పొరలో 8 బొమ్మల చక్రంగా గీసుకుంటే అన్ని షాట్లకూ వాడుకోవచ్చు. మొత్తం 75. ముగ్గురూ రోజుకు అయిదేసి శుభ్రమైన బొమ్మలు పూర్తిచేస్తే అయిదు రోజుల్లో గీతల పని అవుతుంది. రంగులకు ఇంకో అయిదు రోజులు ఉంచుకోండి. వెనక తిరిగే కాంతి కోసం ఒకే పెద్ద బొమ్మ గీసి సాఫ్ట్‌వేర్‌లో తిప్పండి.

సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. ఓపెన్‌టూంజ్ ఉచితం. జపాన్‌లోని జిబ్లీ స్టూడియో వాడిన టూంజ్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌కు అది బయటకు వదిలిన రూపం, 2016 నుంచి అందరికీ దొరుకుతోంది. బొమ్మలకు క్రిటా చాలు.

ధ్వనిని చివర్న అతికించొద్దు. ముందే ఫోన్‌లో మాటలు రికార్డు చేసి, స్టోరీబోర్డు బొమ్మల కింద పెట్టి 90 సెకన్ల అనిమాటిక్ (కదలని బొమ్మలతో నమూనా వీడియో) చేసుకోండి. దానికే నలుగురు నవ్వకపోతే రంగులు వేసినా నవ్వరు, అక్కడే సరిచేసుకోండి. దెబ్బ పడటానికి అర సెకను ముందు, అంటే 12 ఫ్రేముల ముందు, సంగీతం పూర్తిగా ఆపేయండి. దెబ్బ తర్వాత హీరో ముఖాన్ని 18 నుంచి 24 ఫ్రేముల వరకు కదలకుండా నిలపండి. ఆ నిశ్శబ్దంలోనే హాలు నవ్వుతుంది. కొత్తవాళ్ళు అక్కడ భయపడి వెంటనే ఇంకో డైలాగు పెడతారు, నవ్వు దాని కింద నలిగిపోతుంది. గట్టిగా అరిస్తే నవ్వు పెరుగుతుందనే భ్రమ కూడా వదిలేయండి. అందరూ అరిచే చోట మెల్లగా మాట్లాడేవాడే నవ్విస్తాడు.

పాట సొంతంగా చేయించుకోండి. అనిమే పాట వాడితే ఉత్సవంలో ఎలాగో గడిచినా, యూట్యూబ్‌లో పెట్టగానే హక్కుదారుల నుంచి అభ్యంతరం వస్తుంది.

ప్రశ్న: సాధన కోసం ఈ కామెడీకి తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. అర్థం సరిగ్గానే ఉంటోంది, నవ్వు మాత్రం రావడం లేదు. ఏం చేయాలి?
*అనువాద విద్యార్థిని, తిరుపతి*

సాధన వరకు బాగుంది. హక్కుదారుల అనుమతి లేకుండా బయట పెట్టొద్దు.

నవ్వు పోవడానికి ప్రధాన కారణం సమయం. జపనీస్ హాస్యంలో 'బొకె' అర్థంలేని మాట అంటాడు, 'త్సుక్కొమి' దాన్ని పట్టుకుని కడుగుతాడు. ఇక్కడ ఎన్ బద్ధకంగా ఏదో అంటాడు, అత్సుషి సర్దబోతాడు. ఇద్దరి మాటలనూ ఒకే సబ్‌టైటిల్‌లో పై వరుస, కింది వరుసగా పెడితే, ఎన్ నోరు తెరిచేలోపే ప్రేక్షకుడు జవాబు కూడా చదివేస్తాడు. విడదీయండి. రెండో సబ్‌టైటిల్ అత్సుషి నోరు తెరిచిన ఫ్రేములోనే మొదలవ్వాలి. ఒకే పాత్ర చెప్పే పొడుగు వాక్యంలో కూడా పేలే మాట చివర్న పడేలా రాయండి. ఈ విషయంలో తెలుగు అదృష్టవంతురాలు, జపనీస్‌లాగే మనకూ క్రియ చివర్నే వస్తుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చూసి అనువదిస్తే ఆ వరస చెడుతుంది. మీరు చేస్తున్నది అదే అయితే, వినిపించే గొంతు ఎక్కడ విరుగుతోందో చూసి వాక్యాన్ని తిరిగి పేర్చండి.

పిలుపులు జాగ్రత్త. యుమోతో మొదటి సంవత్సరం, ఇఓ, ర్యూ రెండో సంవత్సరం, ఎన్, అత్సుషి మూడో సంవత్సరం. యుమోతో నోట పెద్దవాళ్ళకు 'ఎన్ అన్నా, నువ్వు' సహజంగా ఉంటుంది. ఒకే ఏడువాళ్ళ మధ్య 'ఒరేయ్', 'రా' వాడొచ్చు. విద్యార్థి సంఘం అధ్యక్షుడు కిన్‌షిరోతో అతని అనుచరులు 'మీరు' అనాలి. ఈ తేడా పాటిస్తేనే ఒక జట్టు ఇంట్లోవాళ్ళలా, రెండోది దర్బారులా వినిపిస్తుంది.

చికువాబు లాంటి తిండి పేర్లు మార్చొద్దు. తెర మీద బొమ్మ కనబడుతుండగా గవ్వలనో జంతికలనో రాస్తే కన్నూ చెవీ కొట్టుకుంటాయి. మంత్రవాక్యాలు ఉన్నవి ఉన్నట్టే ఉంచండి, అవి శబ్దం కోసం.

రెండు వరుసలకు మించొద్దు, ఒక సబ్‌టైటిల్ ఏడు సెకన్లు దాటొద్దు. ఫైలును యుటిఎఫ్-8లో భద్రపరచండి, లేకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. కొన్ని పాత టీవీ ప్లేయర్లలో ఒత్తులు విడిపోతాయి, వరుసల మధ్య ఖాళీ చాలక కింది ఒత్తు తెగుతుంది. 'స్త్రీ', 'రాష్ట్రం', 'కృష్ణ' ఉన్న ఒక పరీక్ష వాక్యం పెట్టి చూసుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదమూడేళ్ళు. ఈ పేరడీలు చూడనివ్వొచ్చా? పైకి అన్నీ చిన్నపిల్లల బొమ్మల్లాగే ఉన్నాయి.
*ఓ తల్లి, కర్నూలు*

మీ అనుమానం సరైనదే అమ్మా. ఈ జాతిలో బొమ్మను చూసి వయసు నిర్ణయించకూడదు. ఒక్కో పేరు విడిగా చెబుతాం.

ఎర్త్ డిఫెన్స్ క్లబ్ చూడనివ్వొచ్చు. స్నానశాల సీన్లుంటాయి, ఆవిరి, నీళ్ళు, కబుర్లు, అంతే. అబ్బాయిల మధ్య అతి ఆప్యాయత మీద జోకులుంటాయి, అడిగితే మామూలుగా మాట్లాడండి. రాక్షసులను చంపరు, వాళ్ళ మనసులోని బాధ వినిపించుకుని మళ్ళీ మనుషులుగా మారుస్తారు.

'కోరె వా జాంబీ దెసు కా?' 2011లో వచ్చింది. ఒక కుర్ర జాంబీ గౌను తొడుక్కుని, కరెంటు రంపంతో మ్యాజికల్ గర్ల్ పనిచేస్తాడు. నెత్తురు, అసభ్య హాస్యం రెండూ ఉన్నాయి. పదమూడేళ్ళకు వద్దు.

'పుని పుని పోయెమీ' 2001 నాటి రెండు భాగాల పేరడీ. కథ పరుగెత్తే వేగానికి దానికి పేరుంది. కానీ పదేళ్ళ పిల్లల మీద అశ్లీల హాస్యం ఉంది. న్యూజిలాండ్ సెన్సార్ 2004లో దాన్ని నిషేధించింది. ఏ వయసువాళ్ళకూ మేం సిఫారసు చేయం.

'మదోకా మాగికా' (2011) పేరడీ కాదు, కామెడీ అంతకన్నా కాదు. ముద్దు బొమ్మలు చూసి పిల్లలకు పెట్టేస్తుంటారు కాబట్టి చెబుతున్నాం: చావు, నిరాశ దాని కథావస్తువులు. పదహారు దాటాక చూడనివ్వండి, వీలైతే పక్కన కూర్చోండి.

ప్రశ్న: కామిక్ కాన్ వేడుకకు మ్యాజికల్ గర్ల్ వేషంలో వెళ్ళడానికి, గుండె బొమ్మ ఉన్న మంత్రదండం తయారుచేయాలి. కిందటిసారి చేసినది మధ్యాహ్నానికే తల ఊడిపోయింది.
*కాస్‌ప్లే ఔత్సాహికుడు, హైదరాబాద్*

తల ఊడిందంటే గొట్టం చివర గుండెను పైపైన అంటించి ఉంటారు. గొట్టం గుండె లోపలికి దిగాలి.

కరెంటు వైరింగుకు వాడే 20 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం 55 సెంటీమీటర్లు తీసుకోండి. 10 మిల్లీమీటర్ల మందం ఈవీఏ ఫోమ్‌ (మెత్తటి రబ్బరులాంటి పలక)లో 18 సెంటీమీటర్ల వెడల్పు గుండెలు రెండు కోయండి. రెండింటికీ కింది కొన నుంచి 2 సెంటీమీటర్ల వెడల్పు, 8 సెంటీమీటర్ల లోతు గాడి తీయండి. రెండూ కలిపితే మందం 20 మిల్లీమీటర్లు, గొట్టం సరిగ్గా కూర్చుంటుంది. దాని రెండు వైపులా 2 మిల్లీమీటర్ల ఫోమ్ గుండెలు కప్పండి.

జిగురు తుపాకీ వద్దు. మన ఎండకు, అందులోనూ మూసిన కారులో, ఆ జిగురు మెత్తబడి అతుకు విడుతుంది. చెప్పులు కుట్టేవాళ్ళు వాడే రబ్బరు జిగురు రెండు ముఖాలకూ పల్చగా పూసి, వేలితో తాకితే అంటుకోనంత ఆరేదాకా, సుమారు పది నిమిషాలు ఆగి అదమండి. ఒకసారి అంటాక జరగదు, ముందే గుర్తులు పెట్టుకోండి. కిటికీలు తెరిచి చేయండి, ఆ వాసన తలకెక్కుతుంది. గొట్టానికి గరుకు కాగితం రుద్దకపోతే జిగురు పట్టదు.

రంగుకు ముందు హీట్ గన్‌తో ఫోమ్ ముఖం కొద్దిగా మెరిసేవరకు వేడి చేయండి, సన్న రంధ్రాలు మూసుకుంటాయి. తర్వాత ఫెవికాల్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి మూడు పూతలు, ఒక్కోటి గంట ఆరాలి. వానాకాలమైతే ఇంకా ఎక్కువ. ఆపైన యాక్రిలిక్ రంగు. ఈ పూత దండానికి బాగుంటుంది కానీ వంగే బెల్టుకో, మణికట్టు కంకణానికో వేస్తే పగుళ్ళిస్తుంది.

ప్రశ్న: ఎర్త్ డిఫెన్స్ క్లబ్ మొత్తం చూసేశాను. ఇదే తరహాలో తర్వాత ఏం చూడొచ్చు?
*బ్యాంకు ఉద్యోగి, డల్లాస్*

'మహౌ షోజో ఓరె'. 2018 ఏప్రిల్ నుంచి 12 ఎపిసోడ్లు. పదిహేనేళ్ళ ఉనో సాకి పేరు రాని గాయని. యాకుజా (జపాన్ మాఫియా) గూండాలా కనిపించే ఓ మనిషి ఇంటి తలుపు తట్టి, మీ అమ్మ చేసిన మ్యాజికల్ గర్ల్ ఉద్యోగం ఇక నీదే అంటాడు. ఈ కథలో మాస్కాట్, అంటే లూనా పిల్లిలా హీరోయిన్‌కు తోడుండేది, అతనే. ప్రేమించిన మొహిరోను కాపాడాలనుకోగానే సాకి రూపాంతరం చెందుతుంది, కండలు తిరిగిన యువకుడిగా, గౌనుతో సహా. అటు ముద్దొచ్చే ఉడత తలలకు పహిల్వాను ఒళ్ళున్న రాక్షసులు.

దీన్ని తీసింది పియెరో ప్లస్. 1983లో 'క్రీమీ మామి'ని తీసిన పియెరో సంస్థకు అనుబంధం. మామిలో చిన్నపిల్ల మంత్రంతో పెరిగి గాయని అవుతుంది, ప్రేమించినవాడు ఆ పెరిగిన రూపాన్నే ఇష్టపడతాడు, ఆమె తనమీద తానే అసూయపడాల్సి వస్తుంది. సాకి కష్టమూ ఆ కొమ్మకు పూసినదే. కాబట్టి ముందు మామి మొదటి నాలుగు ఎపిసోడ్లు చూసి, ఆ తర్వాత ఓరె మొదలుపెట్టండి.